మూడో రోజు ఉప్పు

నేను ఒక ఊరగాయ జాడీని. మెడ దాకా తెలుపు, ఆపైన బెల్లం రంగు, నోరు చూస్తే ఇంత పెద్దది. పెద్దదన్న మాటే గానీ ఏడాది పొడుగునా దానికి గుడ్డ కట్టే ఉంచుతారు. నోరు కట్టేసిన వస్తువుకి చెవులు కూడా ఉండవని మనుషులు అనుకుంటారు కాబోలు, నా ఎదుట వాళ్ళు మాట్లాడుకోని సంగతంటూ లేదు. అత్తలు కోడళ్ళ మీద, కోడళ్ళు అత్తల మీద, మగవాళ్ళు అందరి మీదా చెప్పుకున్నవన్నీ విన్నాను. ఇన్నాళ్ళూ ఒక్కటి కూడా బయటపెట్టలేదు. ఈ ఒక్కటి మాత్రం చెప్పకపోతే నాకు తోచదు.

నన్ను చేసిన మనిషి పేరు నాకు తెలియదు. బంకమట్టి ముద్దగా చక్రమెక్కి జాడీగా దిగాను. తడి ఆరకముందే అతను నన్నెత్తి పక్కన పెడుతూ, మనసెక్కడో పెట్టుకుని వేళ్ళు గట్టిగా నొక్కాడు. బట్టీలో కాలి బయటికొచ్చేసరికి ఆ నొక్కుడు నా నడుం మీద సొట్టగా మిగిలిపోయింది. తెనాలి బజారులో కొట్టు యజమాని ఆ సొట్ట గోడవైపు ఉండేలా నన్ను నిలబెట్టేవాడు. వచ్చినవాళ్ళు వేలి కణుపులతో నా పొట్ట మీద కొట్టి చప్పుడు వినేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో పిల్లని పాట పాడమన్నట్టుండేది నాకు. ఖంగుమంటే మంచి జాడీ, బొదబొదమంటే ఎక్కడో బీట ఉన్నట్టు. నేను ఖంగుమనే అనేదాన్ని, కానీ సొట్ట కనపడగానే వెళ్ళిపోయేవాళ్ళు.

నన్ను కొన్నది సీతారావమ్మ. ఆవిడ కూడా సొట్ట చూసి మొహం చిట్లించింది. అయినా నాలో నీళ్ళు పోయించి, కారుతుందేమోనని ఆ కొట్టు అరుగు మీదే చాలాసేపు కూర్చుంది. చివరికి నమ్మకం కుదిరి రిక్షా పిలిచింది. రిక్షాలో నేను ఆవిడ ఒళ్ళో కూర్చున్నాను, ఆవిడ కన్నకొడుకు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆ ఇంట్లో నా హోదా ఏమిటో ఆ రోజే అర్థమైంది.

ఆ ఇంటి పద్ధతి కాస్త చెప్పాలి. ఎండాకాలంలో మామిడికాయలు కొట్టించి, ఆవపిండి, కారం, ఉప్పు ఒకే సోలతో కొలిచి, ముక్కల్ని నూనెలో ముంచి, వెల్లుల్లి రెబ్బలతో సహా అన్నీ కలిపి నాలో వేసి మూతి కడతారు. మూడో రోజున అంతా పెద్ద బేసిన్లోకి దించి తిరగ కలుపుతారు. అప్పుడు ఇంటి పెద్దావిడ ఒక్కత్తే కాస్త ఊట వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని ఉప్పు చూస్తుంది. ఆవిడ ‘సరిపోయింది’ అనేదాకా ఇంకెవరూ రుచి చూడకూడదు. తగ్గితే ఆవిడే వేస్తుంది. ఆ తర్వాత పచ్చడిని నాలోకి ఎత్తి, బేసిన్‌కి అంటుకున్న దాంట్లో వేడివేడి అన్నం కలిపి అందరికీ తలో ముద్ద చేతిలో పెడుతుంది. ఆ ఒక్క మాట మీదే ఏడాది పచ్చడి నిలుస్తుంది. మాట తప్పిందా, బూజు పట్టేది నాకు.

సీతారావమ్మ చేతులు వణకడం మొదలయ్యాక ఒక ఏడాది మూడో రోజున ఆవిడ కోడలు తిరుపతమ్మ, “మీరు కూర్చోండత్తయ్యా, నేను చూస్తాగా” అంది. ఎంతో మెత్తగానే అంది. సీతారావమ్మ వెళ్ళి వరండాలో మంచం మీద కూర్చుంది. అంతే, ఆ తర్వాత ఆవిణ్ణి ఏ వంట సంగతీ ఎవరూ అడగలేదు. ముద్ద మాత్రం ఆవిడ పోయేదాకా మంచం దగ్గరికే తెచ్చి పెట్టేవాళ్ళు. ఆవిడ తిని బాగుందనేది, ఆ మాట వినడానికి అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కారు. ఆ మెత్తని మాట ఎంత పని చేసిందో అప్పట్లో తిరుపతమ్మకి తెలియలేదు. ఇప్పుడు బాగా తెలుసు.

తిరుపతమ్మకి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు శేషగిరి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు, తుమ్ముతూ వెళ్ళి తుమ్ముతూ వస్తాడు. కూతురు సుభాషిణిని రేపల్లె ఇచ్చారు. శేషగిరి భార్య ఝాన్సీ బస్సు కండక్టరు. ఆ అమ్మాయి వంటింట్లో నడిచినా బస్సులో నడిచినట్టే ఉంటుంది, ఒక చెయ్యి ఎప్పుడూ గట్టునో తలుపునో పట్టుకునే ఉంటుంది. తెల్లవారకముందే భుజాన సంచీ వేసుకుని, అత్తగారు కట్టిచ్చిన క్యారేజీ పుచ్చుకుని డిపోకి పోతుంది. డ్యూటీ ఎప్పుడు మొదలవుతుందో చెప్పగలదు గానీ ఎప్పుడు అయిపోతుందో డిపో వాళ్ళే చెప్పాలి. ఆ ఇంట్లో పొయ్యి బాధ్యత మొత్తం తిరుపతమ్మదే. అది బాధ్యత అని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు, హక్కు అనుకుంది.

పోయిన చలికాలం తిరుపతమ్మకి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ నోట్లో రుచిని కూడా పట్టుకుపోయింది. ఈ సంగతి మొదట తెలిసింది నాకే. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆవిడ నా దగ్గరికొచ్చి, గుడ్డ విప్పి, ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకో ముక్క తీసుకుంది. ఆ తర్వాత పక్కన డబ్బాలోంచి రాళ్ళుప్పు గుప్పెడు తీసి ఏకంగా నోట్లో పోసుకుంది. మామూలు మనుషులైతే ఉమ్మేసేవాళ్ళు. ఆవిడ ఇసుక నమిలినట్టు నములుతూ నా మెడ పట్టుకుని నిలబడిపోయింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తిరుపతమ్మకి ఎవరూ నేర్పక్కర్లేదు. “మీరు కూర్చోండి” అంటారు. అన్నవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు, మెత్తగానే అంటారు.

వంటలో ఉప్పు లెక్క చేతికి అలవాటే గనక కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. చెయ్యి తప్పిన రోజు కూడా ఉండేది. ఆ రోజు ఆవిడ కంచాల మీద కాదు, మొహాల మీద కళ్ళు పెట్టేది. శేషగిరి “బాగుందమ్మా” అని రెండు గ్లాసుల మజ్జిగ తాగి లేచేవాడు. ఝాన్సీ ఏమీ అనేది కాదు, క్యారేజీ ఖాళీగా తెచ్చి సింకులో పెట్టేది. తిరుపతమ్మ ఆ గిన్నెలు కడిగేముందు ఒక్కొక్కటీ వెలుతురులోకి ఎత్తి అడుగు చూసేది. ఖాళీ గిన్నె తిన్నదనీ చెప్పదు, పారబోసిందనీ చెప్పదు.

ఇంతలో ఎండాకాలం వచ్చింది. కాయలు కొట్టించే ముందు రోజు ఝాన్సీ డ్యూటీకి వెళ్తూ, “ఉప్పు ఎండబెట్టి ఉంచండత్తయ్యా, నేనొచ్చి మిక్సీ పడతా” అంది. కానీ తర్వాత ఎక్కాల్సిన కండక్టరు రాలేదు. ఝాన్సీని అదే బస్సులో ఇంకో ట్రిప్పు పంపించారు. మర్నాడు పొద్దున కాయలు ముక్కలై, తుడిచి గుడ్డ మీద పరిచి ఉన్నాయి. ఝాన్సీ ఇంకా రాలేదు. కరెంటు లేదు. రోలేమో పెరట్లో గోరింటాకు చెట్టు కింద బోర్లా పడి ఉంది. కొట్టిన ముక్కని ఎక్కువసేపు గాలికి ఉంచడం తిరుపతమ్మ ఒప్పుకోదు.

ఆవిడ రాళ్ళుప్పుని రాళ్ళుప్పుగానే సోలతో కొలిచి వేసేసింది.

దంచిన ఉప్పు సోలలో గట్టిగా కూర్చుంటుంది. రాళ్ళ మధ్య సందులుంటాయి, సోల నిండినట్టు కనిపిస్తుంది గానీ నిండదు. ఇది తెలియని మనిషి కాదు. “తగ్గితే తగ్గుద్దిలే, మూడో రోజు నాలుక చూసుకోదా” అని పైకే అనుకుంటూ కలిపింది. జన్మంతా అలవాటైన మాట, దానంతటదే నోటికొచ్చింది. నాలో పచ్చడి ఎత్తి, గుడ్డ వేసి, తాడు చుట్టి ముడి బిగిస్తుండగా ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఏ నాలుక చూసుకుంటుంది? ఆ ప్రశ్న ఆవిడ మొహంలో కనిపించింది. ముడి సగంలో వదిలేసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

ఇక నా బాధ వినండి. ఉప్పు చాలిన పచ్చడి కడుపులో కుదురుగా కూర్చుంటుంది, ముక్క బిగుస్తుంది. ఇది అలా లేదు. ముక్కలు వదులు వదులుగా నీరు వదులుతున్నాయి, అడుగున ఎక్కడో సన్నగా బుడగలు లేస్తున్నాయి. ఎంత తగ్గిందో నాకు తెలుసు, చెప్పే నోరు లేదు. ఒకసారి బూజు పట్టిన జాడీని ఆ ఇంట్లో మళ్ళీ పచ్చడికి వాడరు. నా తోటి జాడీలు కొన్ని హోటళ్ళ గుమ్మాల దగ్గర ప్లాస్టిక్ పూలు పెట్టుకుని నిలబడ్డాయని విన్నాను. నా మీద నాకూ ప్రేమ ఉండదా? తిరుపతమ్మ కోసం ఎంత భయపడ్డానో నా కోసమూ అంత భయపడ్డాను.

మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి తీరిగ్గా రోట్లో దంచిన ఉప్పు గుప్పిట్లో పట్టుకుని వచ్చింది. గుడ్డ విప్పింది, గుప్పిలి నా నోటి మీదికి తెచ్చింది, ఆగింది. ఇది చాలుతుందా? ఎక్కువవుతుందా? తగ్గితే వెయ్యొచ్చు, ఎక్కువైతే తీసే దారి లేదు. గుప్పిలి వెనక్కి తీసుకుంది. మళ్ళీ తెచ్చింది. వెయ్యి తల్లీ అని నేను మొత్తుకుంటున్నాను. వెనక తలుపు చప్పుడైంది.

“ఏంటత్తయ్యా, కట్టు విప్పారే?” ఝాన్సీ నీళ్ళ సీసా నింపుకోవడానికి వచ్చింది.

“చీమలేమోనని చూస్తన్నా.”

గుప్పిలి వెనక్కి దాచింది. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు సన్నగా గచ్చు మీద రాలుతోంది. ఝాన్సీ కిందికి చూసింది, అత్తగారి మొహం చూసింది. ఏదో అడగబోయి మానుకుని సీసా మూత బిగించుకుని వెళ్ళిపోయింది. తిరుపతమ్మ ఉప్పు తీసుకెళ్ళి డబ్బాలో పోసేసింది. నాకు ఆ క్షణంలో ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

మూడో రోజు రానే వచ్చింది. సుభాషిణి రేపల్లె నుంచి స్టీలు డబ్బాలు తెచ్చుకుని దిగింది. ఏటా తన వాటా ఆ రోజే పట్టుకెళ్తుంది. శేషగిరి ఆ పూట సెలవు పెట్టాడు. ఝాన్సీకి మధ్యాహ్నం డ్యూటీ, అందుకని యూనిఫాం వేసుకునే ఉంది. వంటింట్లో బేసిన్ పెట్టి, నన్నెత్తి వంచి, నాలో ఉన్నదంతా దించారు. ఎర్రగా, నూనె తేలుతూ, చూడ్డానికి ఏ లోపమూ లేదు. రాళ్ళు కరిగిపోయాయి. కళ్ళకి దొరికే తప్పు కాదది.

తిరుపతమ్మ కలిపింది. ఎప్పుడూ కలిపే దానికంటే ఎక్కువసేపు కలిపింది. ఇక కలపడానికేం లేదనిపించాక, వేలి కొసతో ఊట తీసి నాలుక మీద పెట్టుకుంది. ముగ్గురూ ఆవిణ్ణే చూస్తున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుంది, ఏటా అలాగే మూసుకుంటుంది. తెరిచి కొడుకు మొహం చూసింది, కూతురు మొహం చూసింది, కోడలి మొహం చూడకుండా తప్పుకుంది.

“సరిపోయింది” అంది.

సుభాషిణి డబ్బాల మూతలు తీసింది. తిరుపతమ్మ పచ్చడి నాలోకి ఎత్తబోయి, చెయ్యాడక, “ముందు ముద్ద తినండి, తర్వాత ఎత్తుకుందాం” అని అన్నం తెప్పించి బేసిన్లోనే ఒక వారగా కలిపింది. ఆ ఇంట్లో వరస తప్పడం నేను చూసింది అదే మొదలు.

మొదటి ముద్ద శేషగిరికి. నమిలాడు. ఒక్క క్షణం దవడ ఆగింది. “బాగుందమ్మా” అన్నాడు. రెండోది సుభాషిణికి. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి, అన్నవైపు చూసింది, కనుబొమలు సర్దుకున్నాయి. “అచ్చం ఎప్పట్లాగే ఉందమ్మా” అంది. అబద్ధాలు! కడుపున పుట్టిన ఇద్దరూ తల్లి మొహం మీద అబద్ధం చెప్పారు. బోర్లా పడి పగిలిపోదామన్నంత కోపం వచ్చింది నాకు. తిరుపతమ్మ మొహం మాత్రం తేటపడింది. మూడో ముద్ద కోడలి చేతిలో పెట్టింది.

ఝాన్సీ నిదానంగా తిన్నది. మింగి చెయ్యి కడుక్కోబోయి ఆగింది.

“అత్తయ్యా, ఉప్పు చాల్లేదు.”



“ఏంది వదినా నువ్వు!” సుభాషిణి గొంతు లేచింది. “అమ్మ చూసి చెప్పింది గదా. అమ్మ చూశాక ఇంకోళ్ళు మాట్టాడటం ఎప్పుడన్నా ఉందా ఈ ఇంట్లో?”

“లేదు. అయినా చాల్లేదు. ఇట్టాగే మూతి కడితే నెల తిరక్కుండా బూజొచ్చిద్ది.”

“ఊరుకోవే” అన్నాడు శేషగిరి, పళ్ళ సందునుంచి. “తర్వాత చూద్దాంలే.”

“తర్వాతేముంది చూడటానికి?” అంది ఝాన్సీ. ఆ అమ్మాయికి భయం లేదనుకునేరు. గట్టు అంచు పట్టుకున్న చెయ్యి బిగుసుకుని ఉంది.

తిరుపతమ్మ లేచింది. చేతికి కారం, నూనె అలాగే ఉన్నాయి. కొడుకు ముందు నిలబడింది.

“అబ్బాయ్, మొన్న నువ్వు తిన్నావే, ముద్దపప్పు. ఎట్టా ఉంది?”

“బాగుందిగా అమ్మా.”

ఆవిడ కోడలివైపు తిరిగింది. “నువ్వు చెప్పు.”

“దాంట్లో ఉప్పెయ్యలేదత్తయ్యా” అంది ఝాన్సీ. “డిపో క్యాంటీన్లో అడిగి కలుపుకున్నా.”

“అంతకుముందు చారు?”

“నోట్లో పెట్టుకోలేకపోయా. అన్నం పెరుగుతో తిన్నా.”

“మరి అప్పుడు నోరెత్తలేదేం?”

“చారు పూటతో పోయిద్ది. ఇది ఏడాది ఉండాల గదా.” ఝాన్సీ గచ్చు వైపు చూసింది. “మొన్న మీ చేతిలో ఉప్పు చూశా. ఆ రోజే అడగాల్సింది. అడిగితే బాధపడతారేమోనని భయమేసింది.”

తిరుపతమ్మ పీట లాక్కుని కూర్చుంది.

“నాకు తెలియట్లేదే” అంది. “జ్వరమొచ్చిన కాడ్నించీ అంతే. ఉప్పూ లేదు, కారమూ లేదు. ఏం తిన్నా నోట్లో మట్టే.”

సుభాషిణి ఏడుస్తూ తల్లి పక్కన కూలబడింది. “నాకన్నా చెప్పకపోతివేమమ్మా?”

“చెప్తే ఏం చేసేదానివే? బాగుందనేదానివి.” ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “మీరు బాగుందన్నప్పుడల్లా బతికిపోయాననుకున్నా. ఇప్పుడు తెలిసింది, మీ మాట పట్టుకుని నేను వండలేను. మీ ఇద్దరి మీదా నాకు ప్రేమ ఉంది గానీ నమ్మకం లేదు.”

శేషగిరి తల దించుకున్నాడు. తుమ్ము వస్తే కూడా ఆపుకున్నాడు పాపం.

“ఝాన్సీ, ఆ డబ్బా ఇట్టా తే. ఎంత పడుద్దో నువ్వే వెయ్యి.”

ఇక్కడే, ఈ చోటే ఒకప్పుడు ఒక కోడలు ఒక మెత్తని మాట అన్నది. ఝాన్సీ దంచిన ఉప్పు డబ్బా తెచ్చి అత్తగారి పక్కన పెట్టింది. తను మాత్రం గరిటె పట్టుకోలేదు.

“నాకు కలపటం ఏమొచ్చు? ముక్క చితక్కుండా కలపాలంటే మీ చెయ్యే కావాల. మీరెయ్యండి, నేను రుచి చూసి చెప్తా. తొందరగా కానివ్వండి, డ్యూటీ టైమవుతోంది.”

తిరుపతమ్మ చారెడు ఉప్పు చల్లింది. అడుగునుంచి పైకి కలిపింది. ఝాన్సీ నాలుక మీద పెట్టుకుని, “ఇంకా” అంది. మళ్ళీ చల్లింది. “ఇంకొంచెం.” డిపో నుంచి ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు. “ఒక్క పిసరు.” తిరుపతమ్మ ప్రతిసారీ కోడలి కళ్ళలోకి సూటిగా చూసింది. గిన్నెల అడుగులు చూసే బాధ ఆవిడకి తప్పింది. చివరికి ఝాన్సీ చాలన్నట్టు చెయ్యెత్తింది. శేషగిరి, సుభాషిణి కలిసి పచ్చడి నాలోకి ఎత్తారు. కడుపులో బరువు కుదురుగా కూర్చోవడం తెలిసింది నాకు. ఎన్ని ఏళ్ళుగానో ఊరగాయ మోస్తున్నాను, ఆ బరువు అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

బేసిన్లో మిగిలిన దాంట్లో మళ్ళీ అన్నం కలిపారు. ఎవరూ ముందు చెయ్యి చాపలేదు. ఝాన్సీ ఒక ముద్ద చేసి అత్తగారి అరచేతిలో పెట్టింది.

“నాకెందుకే, తెలియందానికి” అంది తిరుపతమ్మ.

“తినండి. నేను చెప్తుంటా.”

ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఝాన్సీ కూడా ఒకటి పెట్టుకుని ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. “ముందు పులుపొస్తంది. ఈ కాయ బాగా పులుపత్తయ్యా, చెవుల కింద లాగుతంది. ఇప్పుడు ఆవ... ముక్కులోకెక్కింది, కళ్ళమ్మట నీళ్ళొస్తన్నయ్. వెనకమాల కారం, మెల్లగా, గొంతులో. నూనె మంచి వాసన.” నిజంగానే ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆవఘాటు వల్లో ఇంకెందువల్లో నేను చెప్పలేను. తిరుపతమ్మ ఆ మాటలు వింటూ నిదానంగా నమిలింది. ఎక్కడో పట్టు దొరికినట్టు మధ్యమధ్య తల ఊపింది.

ఫోను మళ్ళీ మోగింది. ఝాన్సీ లేవబోయింది.

“కూర్చో” అంది తిరుపతమ్మ, కారపు చెయ్యి మళ్ళీ చాపుతూ. “ఇంకో ముద్ద పెట్టి పో. వెల్లుల్లి రెబ్బ పడేట్టు పెట్టి, అదెట్టా ఉందో కూడా చెప్పు.”